నంబరు వెయ్యని నేల

(లేఅవుట్ ప్రమాణాల మీద ప్లాట్లు కొనేవాళ్ళ కోసం, పంచాయతీ కార్యదర్శుల కోసం, కొత్త సర్వేయర్ల కోసం జరిగిన సభలో చేసిన ప్రసంగం. రాలేకపోయినవాళ్ళు చదువుకోవడానికి రికార్డింగు విని టైపు చేశాం. తడబాట్లు తప్ప ఏమీ తీసెయ్యలేదు.)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్ళకి వినపడుతోందా? ఆ ఫ్యాను కొంచెం తగ్గించండి బాబూ, ప్లాన్ ఎగిరిపోతోంది. సరే.

గోడకి తగిలించిన ఈ ప్లాన్ చూడండి. పది ఎకరాల వెంచర్. లెక్క చెప్పడానికి గీసిందే, ఏ ఊరిదో అని వెతక్కండి. ఇప్పుడు ఒక్క మాట అడుగుతాను, నిజం చెప్పండి. దీన్ని చూడగానే మీ కన్ను ఎక్కడికి పోయింది? నంబర్ల మీదికి. 1, 2, 3 అంటూ 130 దాకా. కొనేవాళ్ళు ఏం చూస్తారు? నంబరు చూస్తారు, తూర్పు ముఖమా ఉత్తర ముఖమా చూస్తారు, కార్నర్ ఉందా అని అడుగుతారు, గజం ఎంత అని అడుగుతారు. అయిపోయింది. ఇవాళ మనం మాట్లాడుకునేది నంబరు వెయ్యని నేల గురించి. రోడ్లు, కాలువలు, పార్కు, చెరువు పక్కన వదిలేసిన పట్టీ, మూల మీద కోసేసిన చిన్న ముక్క. లేఅవుట్ నిబంధనలు తీసి చదవండి, మొదటి నుంచి చివరిదాకా దీని గోలే. మీ ప్లాటు లోపల ఇల్లెలా కట్టుకుంటారన్నది భవన నిబంధనల సంగతి, అది ఇంకోరోజు. అమ్మడానికి వీల్లేని నేల ఎంత ఉండాలి, ఎక్కడ ఉండాలి, ఎలా ఉండాలి. లేఅవుట్ రూల్స్ అంటే ఇంతే.

అంత గోల ఎందుకు? లెక్క వేస్తే తెలుస్తుంది. ఎకరానికి 4,840 గజాలు. పది ఎకరాలంటే 48,400. 200 గజాల ప్లాటు 36 అడుగుల ముఖం, 50 అడుగుల లోతు అనుకుందాం. రెండు వరసల ప్లాట్లు వీపుకి వీపు పెడితే 100 అడుగులు, ముందు 40 అడుగుల రోడ్డు. అంటే ప్రతి 140 అడుగులకీ 40 రోడ్డుకి పోతాయి. నూటికి 28 పైచిలుకు. అదే రోడ్డు 30 అడుగులు చేస్తే? 130కి 30, అంటే 23. తేడా అయిదున్నర శాతం. పది ఎకరాల్లో అది సుమారు 2,660 గజాలు. పదమూడు ప్లాట్లు! గజం 15 వేలు వేసుకున్నా దాదాపు 4 కోట్లు. రోడ్డు వెడల్పు దగ్గర అంత పేచీ ఎందుకు జరుగుతుందో ఇప్పుడు అర్థమైందా? అడ్డ రోడ్లు కూడా కలిపితే నూటికి 32, 33 పోతుంది. పార్కుకి 10 శాతం. వాటర్ ట్యాంకుకీ ట్రాన్స్‌ఫార్మరుకీ ఇంకొంచెం. చివరికి అమ్ముకోవడానికి నూటికి 55 మిగిలితే బాగా గీసినట్టు. ఎవరైనా 'మా వెంచర్లో 65 శాతం ప్లాటింగే' అని గొప్పగా చెప్పారంటే, ఆ పది శాతం ఎక్కడి నుంచి కోశారో వెతకండి.

రోడ్ల సంగతి ముందు చూద్దాం. 2012 ఏప్రిల్ 7న వచ్చిన జీవో 168, భవన నిబంధనలదే అయినా రోడ్ల వెడల్పు కూడా చెప్పేది, అందరికీ తెలిసిందే. రాష్ట్రం విడిపోయాక కూడా తెలంగాణలో దాని మీదే నడుస్తున్నాం. కొత్త ప్రాంతాల్లో, అనుమతి ఉన్న లేఅవుట్లలో ఇంటి ముందు రోడ్డు మామూలుగా 12 మీటర్లు ఉండాలి, పాత ఊళ్ళలో అయితే 9 మీటర్లు. 12 మీటర్లంటే 39 అడుగుల 4 అంగుళాలు. 40 అడుగులు అని నోటితో అంటాం, టేపుతో కొలిచేటప్పుడు మీటర్లలోనే కొలవండి. ఆ 8 అంగుళాల దగ్గరే తగువులు మొదలవుతాయి.

ఈ 12 మీటర్లు ఎక్కడి నుంచి ఎక్కడికి? ప్రహరీ నుంచి ప్రహరీకి. అంతా తారు ఉండదు. 7 మీటర్లు తారు వేస్తారు, రెండు పక్కలా రెండున్నర మీటర్లు మిగులుతుంది. ఆ రెండున్నరలో గోడలతో సహా 90 సెంటీమీటర్లు కాలువకి పోతుంది. మిగిలిన మీటరున్నరలో మంచినీళ్ళ పైపు, కరెంటు స్తంభం, చెట్టు, రేపు వచ్చే కేబుళ్ళు, మనిషి నడిచే దారి. ఇవన్నీ ఆ మీటరున్నరలోనే! ఇప్పుడు ఇల్లు కట్టేవాళ్ళు ఏం చేస్తున్నారు? గేటు ముందు ర్యాంపు కాలువ మీదుగా రోడ్డు మీదికి దింపుతున్నారు. ఒకరు దింపారు, పక్కవాళ్ళు మెట్లు కట్టారు, ఆ పక్కవాళ్ళు తులసి కోట, జామ చెట్టు, చుట్టూ జాలీ. కాలువ మీద మూత లేపే దారి ఉండదు. పూడిక తియ్యడానికి వచ్చినవాడు చేతులూపుకుంటూ వెనక్కి పోతాడు. ర్యాంపు మీ గేటు లోపల ఉండాలి. ప్లాను ఇచ్చేటప్పుడే కార్యదర్శులు దీన్ని గట్టిగా పట్టుకోవాలి. కట్టాక పగలగొట్టడం ఎవరివల్లా కాదు, మనందరికీ తెలుసు.

మూల ప్లాట్లకి స్ప్లే ఉంటుంది. రెండు రోడ్లు కలిసే చోట ప్లాటు మూల కోసెయ్యాలి. చిన్న రోడ్ల దగ్గర 3 మీటర్లకి 3 మీటర్లు అనుకోండి, ఎంత పోతుంది? నాలుగున్నర చదరపు మీటర్లు. అయిదున్నర గజాలు కూడా లేదు. ఆ అయిదున్నర గజాల కోసం గోడని లంబకోణంలో కట్టేస్తారు. ఫైరింజను తిరగదు, స్కూలు బస్సు తిరగదు, అటునుంచి వచ్చే స్కూటరు కనిపించదు. దీని గురించి చివర్లో ఇంకో మాట చెప్పాలి, ఎవరైనా గుర్తు చెయ్యండి.

ఇక నీళ్ళు. ఇక్కడ కొంచెం ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే చెడిపోయిన లేఅవుట్లలో ఎక్కువ భాగం నీళ్ళ దగ్గరే చెడ్డాయి.

పొలంగా ఉన్నప్పుడు వాన పడితే నూటికి ముప్పై పాళ్ళు పారుతుంది, మిగతాది ఇంకుతుంది అనుకుందాం. అదే పొలం మీద ఇళ్ళూ తారూ సిమెంటూ పరిస్తే నూటికి అరవై అయిదు పారుతుంది. గంటకి 60 మిల్లీమీటర్ల వాన లెక్కన వేద్దాం. సూత్రం తేలికే. పారే పాలుని వాన వేగంతో గుణించి, హెక్టార్లతో గుణించి, 360తో భాగించండి. సెకనుకి ఎన్ని ఘనపు మీటర్లో వస్తుంది. పది ఎకరాలంటే 4.05 హెక్టార్లు. పొలంగా ఉన్నప్పుడు సెకనుకి 200 లీటర్లు. ఇళ్ళయ్యాక 440 లీటర్లు. రెట్టింపు దాటింది. ఇది పెద్ద వానేం కాదు సుమా. 2020 అక్టోబరు 13న ఘట్‌కేసర్ వైపు ఒక్క రోజులో 30 సెంటీమీటర్లు దాటింది.

ఆ 440 లీటర్లని ఎలా తీసుకుపోతారు? 60 సెంటీమీటర్ల వెడల్పు, 60 లోతు ఉన్న సిమెంటు కాలువ కట్టారు. పైన 10 సెంటీమీటర్లు వదిలి 50 దాకా నీళ్ళు పారనిస్తే, వాలు 200కి 1 ఉంటే, సెకనుకి 460 లీటర్లు పోతుంది. సరిపోయింది. అదే కాలువ, అదే సిమెంటు, అదే ఖర్చు. వాలు 1,000కి 1 ఉంటే? 207 లీటర్లు. సగం కూడా పోదు! 100 మీటర్ల కాలువలో 200కి 1 అంటే 50 సెంటీమీటర్లు దిగాలి, 1,000కి 1 అంటే 10 సెంటీమీటర్లు. ఈ 40 సెంటీమీటర్ల తేడా కంటికి కనపడుతుందా? కనపడదు. మేస్త్రీ దారం కట్టి చూస్తే కనపడదు. ఆటో లెవెల్, అంటే సర్వేయర్లు ఎత్తుపల్లాలు కొలిచే పరికరం, పెడితేనే కనపడుతుంది. అందుకే ప్లానులో కాలువ పక్కన బాణం గుర్తు ఒక్కటే ఉంటే ఒప్పుకోవద్దు. ప్రతి మలుపు దగ్గరా కాలువ అడుగుభాగం లెవెల్ రాసి ఉండాలి. పై చివర ఎంత, కింది చివర ఎంత.

కాగితం చూడ్డం రానివాళ్ళకి ఒక ఉపాయం ఉంది. 5,000 లీటర్ల ట్యాంకరు తెప్పించి కాలువ పై చివర వదలండి. కాలువ వెంట నడవండి. నీళ్ళు ఎక్కడ మడుగు కడితే అక్కడ లెవెల్ తప్పినట్టు. ట్యాంకరు ఖర్చెంత? ప్లాటు ఖరీదెంత?

సరే, కాలువ బాగానే ఉంది, నీళ్ళు కింది చివరికి వచ్చాయి. తర్వాత? ఆ 'తర్వాత' దగ్గరే అసలు కథ. చాలా ప్లాన్లలో కాలువ వెంచర్ ప్రహరీ దాకా వచ్చి ఆగిపోతుంది. గోడకి కన్నం పెట్టి అవతలి రైతు పొలంలోకి వదులుతారు. రైతు ఒక ఏడాది ఊరుకుంటాడు, రెండో ఏడాది మట్టి కట్ట వేస్తాడు. ఆయన తప్పేముంది? అంతకుముందు తన పొలంలోకి 200 లీటర్లు వచ్చేవి, పరుచుకుని వచ్చేవి. ఇప్పుడు 440 ఒకే కన్నంలోంచి దూకుతున్నాయి. కాబట్టి కాలువ ఏ వాగులో, ఏ నాలాలో కలుస్తుందో అక్కడిదాకా ప్లానులో గీత ఉండాలి. మధ్యలో వేరేవాళ్ళ భూమి ఉంటే వాళ్ళ రాతపూర్వక ఒప్పందం ఉండాలి, వీలైతే రిజిస్టర్ చేయించాలి.

నన్నడిగితే ఇంకో పని చెయ్యచ్చు. పెరిగిన నీళ్ళు సెకనుకి సుమారు 240 లీటర్లు. అరగంట పట్టి ఉంచాలంటే 425 ఘనపు మీటర్ల చోటు కావాలి. పార్కులో ఒక మూల 510 గజాలని మీటరు లోతు దించితే చాలు. పార్కు 4,840 గజాలుంది కదా, అందులో తొమ్మిదో వంతు. ఎండాకాలం పిల్లలు ఆడుకుంటారు, వాన పడ్డ రెండు గంటలు నీళ్ళు నిలబడతాయి, సన్న పైపుతో మెల్లగా పోతాయి. దీనికి పెద్ద ఖర్చు లేదు. కానీ 'పార్కులో గుంట ఏమిటండీ' అంటారు.

నాలా లేఅవుట్ మధ్యలోంచే పోతే? గ్రామ నక్షలో ఉంటుంది చూడండి. నక్ష తీసుకోకుండా ఏ సర్వేయరూ గీత గియ్యకూడదు. నాలా వంకరగా పోతుంటే ప్లాట్లు ముక్కలవుతాయని దాన్ని రోడ్డు పక్కకి జరిపి, నిలువునా మలిపి, 600 మిల్లీమీటర్ల హ్యూమ్ పైపు, అదే సిమెంటు గొట్టం, వేసి పైన మట్టి కప్పేస్తారు. చూడ్డానికి నీటుగా ఉంటుంది. ఆ పైపు, శుభ్రంగా ఉండి, 200కి 1 వాలు ఉంటే, నిండా పారినా సెకనుకి 430 లీటర్లే. అంటే మన పది ఎకరాల నీళ్ళే. పైన ఇంకో వంద ఎకరాల పొలాల నీళ్ళు అదే నాలాలో వస్తున్నాయి కదా? అవి, పొలాలుగా ఉన్నప్పుడే, మన లెక్కన రెండు వేల లీటర్లు. అయిదో వంతు పడుతుంది, మిగతా నాలుగు వంతులు ఎక్కడికి పోవాలి? ఇళ్ళల్లోకి. నీళ్ళకి నక్ష బాగా గుర్తుంటుంది. రెండు ఖానాల కల్వర్టు కట్టాల్సిన చోట పైపు పెట్టారంటే, ప్లాను మీద సంతకం పెట్టినవాళ్ళు పై పొలాల లెక్క అడగలేదన్నమాట.

చెరువు పక్క భూములకి వద్దాం. జీవో 168 చెప్పేది స్పష్టంగా ఉంది. ఎఫ్‌టీఎల్, అంటే ఫుల్ ట్యాంక్ లెవెల్, లోపల ఏమీ కట్టకూడదు. 10 హెక్టార్లు, అంతకు మించిన చెరువైతే ఎఫ్‌టీఎల్ అంచు నుంచి 30 మీటర్లు వదలాలి, ఈ వదిలే పట్టీనే బఫర్ అంటాం. అంతకు చిన్న చెరువులు, కుంటలు, శిఖం భూములకి, అంటే చెరువు కడుపులోని నేలకి, 9 మీటర్లు. వాగు, నాలా 10 మీటర్ల వెడల్పు దాటితే 9 మీటర్లు, లోపైతే 2 మీటర్లు. నదులకి మున్సిపాలిటీ లోపల 50, బయట 100. ఈ అంకెలు అందరికీ కంఠతా వచ్చు. మరి తప్పు ఎక్కడ జరుగుతోంది?

ఎఫ్‌టీఎల్ అంటే ఏమిటి అని అడిగితే, 'చెరువు అంచు' అంటారు. ఏ అంచు? మార్చిలో ఉన్న అంచా, సెప్టెంబరులో ఉన్న అంచా? ఎఫ్‌టీఎల్ అంటే ఒక మట్టం. మత్తడి, అంటే చెరువు అలుగు, దాని మీద నుంచి నీళ్ళు పొర్లడానికి సిద్ధంగా ఉన్నప్పటి మట్టం. మత్తడి పై అంచు లెవెల్ తీసుకోండి, ఆ లెవెల్ని చెరువు చుట్టూ తిప్పుకుంటూ రండి. మీ సర్వే నంబరులో ఆ లెవెల్ ఎక్కడ నేలకి తగిలిందో అక్కడ రాయి పాతండి. ఆ రాళ్ళన్నీ కలిపితే వచ్చే గీత ఎఫ్‌టీఎల్. అక్కడి నుంచి 30 మీటర్లు మొదలవుతుంది. వేసవిలో తడి ఉన్న చోట నుంచి టేపు పట్టి 30 కొలిస్తే అది బఫర్ కాదు, చెరువు కడుపు.

సర్వేయర్లూ, ఇది మీకు. చెరువు వెనకభాగంలో నేల చాలా చదునుగా ఉంటుంది. వాలు 200కి 1 అనుకోండి. మీరు లెవెల్ మోసుకొచ్చేటప్పుడు ఒక అడుగు తప్పితే, గీత ఎంత జరుగుతుంది? 200 అడుగులు. ఒక వరస ప్లాట్లు, ఒక రోడ్డు, ఇంకో రెండు వరసలు! కాబట్టి మత్తడి నుంచి బయల్దేరి మళ్ళీ మత్తడి దగ్గరికే వచ్చి లెవెల్ కలిసిందా లేదా చూడాలి. కలవకపోతే మళ్ళీ మొదటి నుంచి. ఇంకొకటి. ఈమధ్య మత్తడి అంచునే పగలగొట్టి తగ్గించిన చెరువులున్నాయి. మత్తడి తగ్గితే ఎఫ్‌టీఎల్ తగ్గుతుంది, పైన ప్లాట్లు వస్తాయి. పాత రాతికట్టు ఆనవాలు ఉంటుంది, నీటిపారుదల శాఖ రికార్డులో లెవెల్ ఉంటుంది. కళ్ళముందు కనపడే మత్తడిని ఒక్కదాన్నే నమ్మకండి.

ఈ బఫర్ పట్టీని పార్కు లెక్కలో చూపించచ్చా అని అడుగుతారు. జీవో 168లో దాన్ని ఖాళీ స్థలం కింద లెక్కించుకోవచ్చని ఉంది, సెట్‌బ్యాక్ కింద, అంటే ఇంటి చుట్టూ వదలాల్సిన జాగా కింద, మాత్రం కాదు. కాబట్టి చూపిస్తే తప్పని నేను అనను. కానీ 9 మీటర్ల వెడల్పు, 300 మీటర్ల పొడవు ఉన్న పట్టీని పార్కు అంటే పిల్లలు అందులో ఏం ఆడతారు? పరుగు పందెం తప్ప. పది శాతంలో ఎక్కువ భాగం ఒకే చోట, నలుచదరంగా, రోడ్డుకి ఆనుకుని ఉండాలి. ప్లాట్లుగా కొయ్యడానికి పనికిరాని ముక్కోణాలన్నీ ఏరి, హైటెన్షన్ తీగల కింద నేలనీ కలిపి, 'అన్నీ కూడితే పదే' అనే ప్లాన్ వస్తే వెనక్కి పంపించండి.

మురుగు గురించి. అందరూ తక్కువ లెక్క వేసేది ఇక్కడే. 130 ప్లాట్లు కాబట్టి 130 కుటుంబాలు, కుటుంబానికి నలుగురు, 520 మంది. మనిషికి 135 లీటర్లు, అందులో 80 శాతం మురుగు. రోజుకి 56 వేల లీటర్లు. దానికి తగ్గ సెప్టిక్ ట్యాంకు కట్టేశారు. 200 గజాల ప్లాటులో ఇవాళ ఎవరు ఒక్క ఇల్లు కడుతున్నారండీ? కింద ఒకటి, మీద రెండు. మూడు కుటుంబాలు. అప్పుడు లక్షా 68 వేల లీటర్లు. ట్యాంకు ఏనాడో పొంగింది.

పైపు వాలు కూడా చూడండి. ఇంటి వీధిలో 150 మిల్లీమీటర్ల పైపు వేస్తే 150కి 1 వాలు ఉండాలి, అప్పుడే మలం ఆగకుండా పోతుంది. 300 మీటర్ల వీధి అయితే రెండు మీటర్లు దిగాలి. పై చివర మీటరు లోతుతో మొదలెడితే, నేల చదునైతే, కింది చివర మూడు మీటర్లు. ఆ పైపు కలవాల్సిన మెయిన్ రోడ్డు లైను రెండు మీటర్ల లోతులోనే ఉంటే? కలవదు. లేదా వాలు తగ్గించేస్తారు, ఆర్నెల్లకోసారి పొంగుతుంది. అందుకే మురుగు పైపుని కింది చివర నుంచి పైకి లెక్క వెయ్యాలి. ముందు కలిసే చోటు లెవెల్ తెలుసుకుని, అక్కడి నుంచి వెనక్కి రావాలి. వీధుల్ని గీశాక కాదు, గీస్తూనే చూసుకోవాలి. నేల పడమరకి వాలితే వీధిని తూర్పుకి వాలించలేం కదా. వాస్తు కోసం అదీ చేస్తున్నారనుకోండి.

మ్యాన్‌హోళ్ళు 30 మీటర్లకి ఒకటి. మంచినీళ్ళ పైపుకీ మురుగు పైపుకీ పక్కపక్కన 3 మీటర్ల ఎడం. దాటాల్సి వస్తే మంచినీళ్ళది పైన, అర మీటరు ఎత్తులో. మీటరున్నర జాగాలో 3 మీటర్ల ఎడం ఎలా అంటారా? ఒకటి రోడ్డుకి ఇటు, ఇంకొకటి అటు. అదొక్కటే దారి.

పనుల వరస చెప్తాను, రాసుకోండి. ముందు మురుగు, ఎందుకంటే అది అన్నిటికన్నా లోతు. తర్వాత మంచినీళ్ళు. ప్రతి కూడలిలో రోడ్డుకి అడ్డంగా రెండు ఖాళీ పీవీసీ గొట్టాలు పాతిపెట్టాలి, రేపటి కేబుళ్ళకి. తర్వాత కాలువలు. అన్నిటికన్నా చివర తారు. మరి వెంచర్లలో ఏం జరుగుతుంది? ముందు తారు. ఎందుకంటే ఆదివారం సైట్ విజిట్‌కి కారు పోవాలి, నల్లగా మెరవాలి. తర్వాత అదే తారుని అడ్డంగా కోసి పైపులు వేస్తారు. కోసిన చోట మట్టి సరిగ్గా కూరరు, మొదటి వానకి కుంగుతుంది.

రోడ్డు మందం చూడ్డానికి గొయ్యి తవ్వాలి. అడుగుకి అడుగు, నేల తగిలేదాకా. మందం ఎంత ఉండాలో అనుమతి కాగితంతో వచ్చిన స్పెసిఫికేషన్‌లో ఉంటుంది. మొరం ఎంత, కంకర ఎంత, తారు ఎంత అని పొర పొరకీ టేపు పెట్టండి. అక్కడ రాసింది రోలరు తొక్కాక ఉండే మందం. 20 సెంటీమీటర్లు పోసిన వదులు మొరం తొక్కితే 15కి దిగుతుంది. లారీ లెక్కలో 20 చూపించి 'ఇచ్చాం' అంటే ఒప్పుకోవద్దు. నల్లరేగడి అయితే ఇంకా జాగ్రత్త. తడికి ఉబ్బుతుంది, ఎండకి నెర్రెలిస్తుంది. పై మట్టి తీసేసి మంచి మొరం నింపకపోతే మీద ఎంత తారు వేసినా దండగే. తారు మధ్యలో కాస్త ఎత్తు, అంచుల్లో పల్లం ఉండాలి. 7 మీటర్ల తారుకి రెండు శాతం వాలంటే మధ్యనుంచి అంచుకి 7 సెంటీమీటర్లు. నీళ్ళ బాటిలు మధ్యలో ఒంపండి, అటో ఇటో పోవాలి. అక్కడే నిలబడిందంటే మీకు తెలిసిపోయింది.

కాగితాల సంగతి తొందరగా ముగిస్తాను. మొదట ఇచ్చేది తాత్కాలిక అనుమతి. దాంతో పనులు చెయ్యచ్చు. ప్లాట్ల విస్తీర్ణంలో 15 శాతం అనుమతి ఇచ్చిన సంస్థకి తనఖా పెడతారు. పనులు పూర్తయితే ఫైనల్ లేఅవుట్ వస్తుంది, తనఖా విడిపిస్తారు. తనఖాలో ఏ నంబర్లున్నాయో ప్లాను మీదే రాసి ఉంటుంది. కొనేముందు మీ నంబరు అందులో ఉందేమో చూసుకోండి, ఈసీ, అంటే ఆ ఆస్తి మీద ఏ తనఖాలూ లావాదేవీలూ ఉన్నాయో చెప్పే రిజిస్ట్రేషన్ శాఖ పత్రం, తీయండి. రెరా, అంటే కొనేవాళ్ళని కాపాడే రియల్ ఎస్టేట్ చట్టం, సంగతి తెలుసు కదా, 500 చదరపు మీటర్లు దాటిన ఏ వెంచరైనా నమోదు కాకుండా ప్రకటన ఇవ్వకూడదు, కొనేవాళ్ళ డబ్బులో 70 శాతం విడి ఖాతాలో ఉండాలి. కార్యదర్శులకి ఒక మాట. తనఖా విడుదల కాగితం మీద సంతకం పెట్టడం మీ చేతిలో ఉన్న ఒకే ఒక్క పగ్గం. అది వదిలాక ఎన్ని నోటీసులిచ్చినా కాలువ రాదు.

రోడ్లూ పార్కూ స్థానిక సంస్థకి గిఫ్ట్ డీడ్ చెయ్యాలి. చేశారు, బీరువాలో పెట్టారు. రెవెన్యూ రికార్డులో పాత పట్టాదారు పేరు మీద ఎకరాల లెక్కనే ఉండిపోయింది. ఇరవై ఏళ్ళ తర్వాత వారసులు వచ్చి 'ఇది మా తాత పొలం' అని పార్కులో కడీలు పాతుతారు. తప్పు ఎవరిది? గిఫ్ట్ డీడ్ వచ్చిన రోజే ఆ విస్తీర్ణాన్ని రెవెన్యూ రికార్డులో మార్పించాలి, నాలుగు మూలలా రాళ్ళు పాతాలి, కంచె వెయ్యాలి, బోర్డు పెట్టాలి. డీడ్‌లో 'లేఅవుట్‌లోని ఖాళీ స్థలం' అని ఒక్క ముక్క రాస్తే చాలదు. గజాలు, నాలుగు హద్దులు, ప్లాన్ జత.

పార్కు వదలని లేఅవుట్లున్నాయి కదా, ఎల్ఆర్ఎస్‌లో, అంటే అనుమతి లేని లేఅవుట్లని సక్రమం చేసే పథకంలో, పెట్టుకున్నవి. 2020 ఆగస్టు 31న జీవో 131 వచ్చింది. 10 శాతం ఖాళీ స్థలం లేకపోతే, రిజిస్ట్రేషన్ నాటి ప్లాటు విలువ మీద 14 శాతం కట్టాలని అందులో పెట్టారు. అంటే పార్కు ఎగ్గొట్టింది వెంచరు వేసినాయన. ఆ డబ్బు కట్టేది మీరు. కట్టినా మీ వీధిలోకి పార్కు వస్తుందా? నేల ఎక్కడుంది రావడానికి? ప్లాటు సక్రమం అవుతుంది, వీధి అలాగే ఉంటుంది. గుంటల లెక్కన ఫామ్ ప్లాట్లు అమ్ముతున్నారే, 121 గజాలు గుంట అని, అక్కడ ఈ పాటి కూడా లేదు. గిఫ్ట్ చెయ్యడానికి రోడ్డే లేదు.

చీటీలు వచ్చాయి. రెండు చదువుతాను, టైము అయిపోతోంది.

'పార్కు స్థలంలో కాలనీవాళ్ళమంతా కలిసి గుడి కట్టుకోవచ్చా?' కూడదండి. అది ఇప్పుడు పంచాయతీదో మున్సిపాలిటీదో, కాలనీది కాదు. దేవుడి పేరు మీద మొదలైతే వెనక ఫంక్షన్ హాలు వస్తుంది, దాని వెనక షాపులు వస్తాయి. గుడికి వేరే ప్లాటు చందాలు వేసి కొనుక్కోండి.

రెండోది. ఆఁ, ఇదిగో, ఎవరూ గుర్తు చెయ్యకపోయినా చీటీ గుర్తు చేసింది. 'నాది కార్నర్ ప్లాటు. దస్తావేజులో 200 గజాలు అని ఉంది. గోడ కట్టబోతే మూల కొయ్యాలంటున్నారు. నా గజాలు తగ్గవా?' మంచి ప్రశ్న. మీ అనుమతి ప్లానులో మీ నంబరు దగ్గర మూల ఏటవాలుగా గీసి ఉందో లేదో ముందు చూడాలి. గీసి ఉంటే, పక్కన రాసిన విస్తీర్ణం కోత పోగా మిగిలిందే అయి ఉండాలి, అంటే 194 చిల్లర. దస్తావేజులో 200 రాశారంటే లేని అయిదున్నర గజాలకి మీరు డబ్బు కట్టారు. అమ్మినాయన్ని పిలిచి, ప్లాన్ చూపించి, ఆ డబ్బు వెనక్కి తీసుకుని, విస్తీర్ణం, హద్దుల కొలతలు సరిచేస్తూ సవరణ దస్తావేజు చేయించుకోండి. గోడ మాత్రం ప్లానులో గీత ఉన్నట్టే కట్టండి. రెండు అంచుల పొడవులతో పాటు ఏటవాలు గీత పొడవు కూడా దస్తావేజులో రావాలి. 3 మీటర్లకి 3 మీటర్లు కోస్తే అది 4.24 మీటర్లు ఉంటుంది.

ప్లాన్ కాపీ తెచ్చారా? తెచ్చారట. ఇలా ఇవ్వండి, బల్ల మీద పరవండి. ఎవరి దగ్గరైనా స్కేలు ఉందా?